మిద్దెమీది తొట్టి, గోడలోని గొట్టము

రాజంపేటలో క్రొత్తగా ఇల్లు కట్టించువారు వాకిలికి టేకు వాడవలెనా, వేప వాడవలెనా యని నెలల తరబడి విచారింతురు. గోడలో పూడిపోవు నీటిగొట్టము ఎంత లావుండవలెనో అడుగువారు మాత్రము అరుదు. “అరంగుళము చాలును” అని పనివాడనును. యజమానియు సరే యనును. గృహప్రవేశమైన పిదప, మిద్దెపైన తొట్టి నిండుగా నున్నను, స్నానపు గదిలో నీరు దారమువలె దిగుచుండును. అప్పుడు గోడ పగులగొట్టుట కెవరికి మనసొప్పును?

తొట్టి పెద్దదైనంత మాత్రమున ఒత్తిడి హెచ్చదు. ఒత్తిడి ఎత్తును బట్టి వచ్చును. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము బరువు మోపును. ఒంటి మిద్దెపై దిమ్మె కట్టి తొట్టి నిలిపినను, స్నానపు జల్లుకు పైన దక్కు ఎత్తు రెండు మీటర్ల పాటిది. మన చేతి సొమ్ము ఇంతే. దారిలో దీనిని ఎంత పోగొట్టుకొందుమన్నదే ప్రశ్న.

పారెడు నీరు గొట్టపు గోడలను ఒరసికొని పోవును. ఆ ఒరపిడిలో ఒత్తిడి తరుగును. నిమిషమునకు 12 లీటర్ల నీరు 15 మీటర్ల పొడవుగల నున్నని గొట్టములో పారినదనుకొందము. లోపలి వ్యాసము 15 మిల్లీమీటర్లైనచో సుమారు 1.8 మీటర్ల ఎత్తునకు సమానమైన ఒత్తిడి దారిలోనే హరించును. 20 మిల్లీమీటర్లైనచో నష్టము 45 సెంటీమీటర్లు. 25 అయినచో 15 సెంటీమీటర్లు మాత్రమే. వంపులవద్దను, వాల్వులవద్దను కలుగు నష్టము దీనికి అదనము. వ్యాసమును రెట్టింపు చేసినచో నష్టము ముప్పదవ వంతు ప్రాంతమునకు దిగును. హేజన్, విలియమ్స్ అను అమెరికా ఇంజనీర్లు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో కూర్చిన సూత్రము ఈ లెక్కకు నేటికిని వాడుకలో నున్నది.

కావున తొట్టినుండి దిగు ప్రధానపు గొట్టము 25 మిల్లీమీటర్లకు తగ్గరాదు. స్నానపు గదికి చీలు కొమ్మ 20 ఉండవలెను. 15 చివరి కుళాయి దగ్గర మాత్రమే తగును. కొనునపుడు లోపలి కొలత చూడవలెను. అరంగుళమని అమ్ము ప్లాస్టిక్కు గొట్టములలో కొన్నింటి లోపలి వ్యాసము 13 మిల్లీమీటర్లైనను ఉండదు. బోరునీరు కఠినమైన చోట పాత ఇనుప గొట్టములలో సున్నపు పొర పేరుకొనును. 15 మిల్లీమీటర్ల దారి 12కు కుదించుకొనిపోయినచో, అదే నీటికి నష్టము ఇంచుమించు మూడింతలగును.

ఒత్తిడిని తగ్గించు వాల్వును బిగించుకొనుమని కొందరు వర్తకులు చెప్పుదురు. స్ప్రింగును, పలుచని పొరయు కలిసి నీటి దారిని మూయుచు తెరచుచు పనిచేయు చక్కని యంత్రమది. మహానగరములలోని పది పండ్రెండంతస్తుల భవనములలో, క్రింది ఇండ్ల కుళాయిలు చెడకుండుటకు అది అవసరము. అమెరికాలో చదరపు అంగుళమునకు 80 పౌనులు మించినచో దానిని పెట్టవలెనని నియమము. అది 56 మీటర్ల ఎత్తునకు సమానము! రెండు మీటర్లతో నెగ్గుకొనివచ్చు మిద్దెకు దానితో పనిలేదు.

వీధి గొట్టము సంగతి వేరు. 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయపు కట్టను తెంచుకొని ఊళ్ళపై పడిన చెయ్యేరే, వేసవిలో ఇసుక తిన్నెగా కనబడును. ఒంటి అంతస్తు ఇండ్లకు వీధి గొట్టములో 7 మీటర్ల, రెండంతస్తులకు 12 మీటర్ల ఒత్తిడి ఉండవలెనని 1999 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శిని చెప్పినది. నీరు చాలని దినములలో అది అందనప్పుడు కొందరు వీధి కనెక్షనుకే మోటారు తగిలింతురు. ఇది తమ బిందె నింపుకొనుటకు పొరుగింటి బిందె బోర్లించుటయే. అంతకన్న కీడు మరొకటి కలదు: మోటారు పీల్చినపుడు గొట్టములోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికన్న తగ్గిపోవును, అతుకు వదులైన చోట ప్రక్క మురుగుకాలువ నీరు లోనికి చేరును. ఆ నీటిని త్రాగునది మోటారు పెట్టిన యింటి పిల్లలు కూడ.

దీనికి మార్గము నేలలో సంపు కట్టుకొనుట. వీధి నీరు తన ఒత్తిడితో తానే అందులో పడును. నిండగానే తేలుడు గుండు వాల్వు దారి మూయును. మోటారు సంపునుండి మాత్రమే తోడి మిద్దెకెక్కించును. సంపును మురుగుగుంటకు దూరముగ కట్టి, పిల్లలు ఎత్తలేని బరువు మూత వేయవలెను.