బ్రౌజరు స్తంభించినప్పుడు మనం చేయవలసినది

నేటి విద్యార్థికి బ్రౌజరు విలాసవస్తువు కాదు. ఉపకారవేతనపు దరఖాస్తు మొదలుకొని పరీక్షా ఫలితాల వరకు సర్వమూ దాని ద్వారానే జరుగుతున్నవి. గడువు ముగియబోయే వేళ దరఖాస్తు నింపుచుండగా తెర స్తంభించినచో కలిగే ఆందోళన సామాన్యమైనది కాదు. అట్టి సమయంలో కంప్యూటరు మీటను నొక్కిపట్టి ఆపివేయడం మనలో చాలామందికి అలవాటు. లినక్స్ వంటి యూనిక్స్ తరహా వ్యవస్థలలో ఈ అలవాటు చాలావరకు అనవసరం. వ్రాతలో ఉన్న ఫైళ్ళకు హానికరం కూడా.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మున్నగువారి కృషి వలన రూపొందినది. ఒకే యంత్రాన్ని పలువురు పంచుకొనేందుకు వీలుగా అది పెంపొందినది. కావున ఒకరి ప్రోగ్రాము చెడినా తక్కినవారి పని చెడరాదన్నది దాని మూలసూత్రాలలో ఒకటి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఆరంభించిన లినక్స్ కూడా ఈ మార్గాన్నే అనుసరించినది. ఇందులో నడిచే ప్రతి పనిని ప్రాసెస్ అంటారు. ప్రతి ప్రాసెస్‌కు ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య తెలిసినచో ఆ ఒక్క దానినే ఆపవచ్చును.

బ్రౌజరుకు ఇంత ఆకలి ఏల? 1993లో వెలువడిన మొజాయిక్ ప్రధానంగా అక్షరాలను, బొమ్మలను చూపేది. నేటి వెబ్ పుట తనంతట తానే ఒక ప్రోగ్రాము. అదిగాక 2008లో వచ్చిన క్రోమ్ ఒక్కొక్క ట్యాబును వేర్వేరు ప్రాసెస్‌లుగా నడిపే పద్ధతిని చేపట్టగా, తరువాతి కాలంలో ఫైర్‌ఫాక్స్ కూడా ఇట్టి పద్ధతిలోనికే వచ్చినది. ఉమ్మడి కుటుంబం విడిపోయి ఎవరి పొయ్యి వారు పెట్టుకొన్నట్లే ఇదియును. ఒకరి తగవు మరొకరిని బాధించదు; కాని కట్టెల ఖర్చు పెరుగుతుంది. ఇక్కడ కట్టెలనగా మెమరీ.

మెమరీ నిండినప్పుడు లినక్స్ కొంత సమాచారాన్ని డిస్కుపై స్వాప్ అను స్థలానికి తరలిస్తుంది. డిస్కు మెమరీ కంటె ఎంతో మందగతి కలది కనుక తెర స్తంభించినట్లు తోస్తుంది. అదీ చాలనప్పుడు వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్ ఒక ప్రాసెస్‌ను ఎన్నుకొని అంతమొందిస్తుంది. సాధారణంగా అధికంగా మెమరీ భుజించినదే బలియవుతుంది. కాబట్టి బ్రౌజరు హఠాత్తుగా మాయమైనప్పుడు అది దాని లోపమే కానక్కరలేదు. కెర్నెల్ ఇచ్చిన తీర్పు కావచ్చును. ఆ తీర్పు కెర్నెల్ చిట్టాలో నమోదై ఉంటుంది.

ఇక చేయవలసినది చూతము. తెర కదలనిచో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కినచో పెక్కు లినక్స్ వ్యవస్థలలో అక్షరాల తెర వస్తుంది. అందు లాగిన్ అయి ‘టాప్’ అను ఆజ్ఞ నిచ్చి, షిఫ్ట్‌తో ఎం అక్షరం నొక్కితే అధిక మెమరీ వాడుతున్న ప్రాసెస్‌లు వరుసగా కనబడతాయి. వాటిలో ఒక ట్యాబుకు చెందిన పెద్ద ప్రాసెస్‌ను ముందుగా ఆపవలెను. అప్పుడు తక్కిన ట్యాబులు దక్కే అవకాశం కలదు. ‘కిల్’ అను ఆజ్ఞ మొదట 15వ సంకేతాన్ని పంపుతుంది. అది “దయచేసి ముగించుము” అన్న మనవి. మనవి ఫలించనిచో 9వ సంకేతం ఇవ్వవలెను. దానిని ఏ ప్రోగ్రామూ తిరస్కరించలేదు. కావుననే అది కడపటి ఉపాయం కావలెను గాని మొదటిది కారాదు.

వ్యాధి తిరుగబెట్టినచో మూలం వెదకవలెను. ఫైర్‌ఫాక్స్‌ను అనుబంధాలు పనిచేయని ‘ట్రబుల్‌షూట్’ పద్ధతిలో తెరచి చూడవలెను. అప్పుడు సవ్యంగా నడిచినచో దోషం ఏదో ఒక అనుబంధంలోనో, మార్చిన అమరికలోనో ఉన్నదని ఊహించవచ్చును. అప్పటికీ కుదుటపడనిచో క్రొత్త ప్రొఫైల్‌తో పరీక్షించవలెను. డిస్కు పూర్తిగా నిండినా బ్రౌజరు కూలవచ్చును గనుక ఖాళీ స్థలాన్ని కూడ గమనించవలెను. మరొక మాట: ‘ఫ్రీ’ అను ఆజ్ఞ చూపే పట్టికలో ఖాళీ మెమరీ తక్కువగా కనబడినంత మాత్రాన కలవరపడరాదు. లినక్స్ వాడని మెమరీని డిస్కు సమాచారం దాచుటకు ఉపయోగించి, అవసరమైనప్పుడు తిరిగి ఇస్తుంది. ‘అవైలబుల్’ అన్న గడిలోని అంకెయే మనకు ప్రమాణం.

మెమరీ స్వల్పంగా గల పాత యంత్రాలను పనికిరానివని త్రోసివేయుటకు ముందు కళాశాల సంఘంవారు వాటికి మెమరీ పెంచు వీలున్నదేమో విచారించుట మేలు. అంతకంటె తక్కువ ఖర్చుతో ఎందరో పేద విద్యార్థుల పని నెరవేరవచ్చును. విద్యార్థులు దరఖాస్తులోని దీర్ఘమైన సమాధానాలను ముందుగా వేరొక ఫైలులో వ్రాసి భద్రపరచుకొనవలెను. అవసరం లేని ట్యాబులను మూయవలెను. యంత్రం మొరాయించినప్పుడు దానిపై ఆగ్రహించుట కంటె, అది ఏమి చెప్పుచున్నదో చదువుట విద్యావంతుల లక్షణం.