మత్తు డాక్టరు దగ్గర దాచొద్దు!

అక్క కూతుర్ని చేసుకోవడం, మేనత్త కొడుక్కి పిల్లనివ్వడం... తిరుపతి, చిత్తూరు పల్లెల్లో తరతరాల అలవాటు. ఇలాంటి మేనరికాల్లో ఒకే లోపం భార్యాభర్తలిద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువ. అదే జరిగితే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు. అమైనో ఆమ్లాల జబ్బులు అలా వచ్చేవే.

పప్పు, పాలు, గుడ్లలోని మాంసకృత్తులు కడుపులో అమైనో ఆమ్లాలుగా మారతాయి. వాటిని వాడుకునే ఎంజైము పుట్టుకతోనే లోపిస్తే, అవి రక్తంలో పేరుకుని మెదడుకు విషమవుతాయి. హైదరాబాద్‌ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది పసికందుల్ని పరీక్షించిన అధ్యయనం 2004లో వెలువడింది. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఉన్నట్లు అందులో తేలింది.

అలాంటి బిడ్డకు ఆపరేషన్‌ చేయాల్సి వస్తే?

'అంత మత్తు తట్టుకుంటాడా' అన్నదే ఇంట్లోవాళ్ల భయం. నిజానికి ఫెంటానిల్‌, మార్ఫిన్‌ లాంటి నల్లమందు జాతి మందులు ఇక్కడ అసలు శత్రువులు కావు. ఊపిరి మందగించకుండా మోతాదు చూసుకుంటే చాలావరకు మేలే చేస్తాయి. నొప్పి ఎక్కువైతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది మరి!

అసలు ముప్పులు రెండు. మొదటిది పస్తు. 'రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు' అన్నది మామూలు పిల్లలకు చిన్న విషయమే. మేపుల్‌ సిరప్‌ యూరిన్‌ జబ్బున్న బిడ్డకు మాత్రం కండ కరిగి, ల్యూసిన్‌ పెరిగి మెదడు వాచిపోవచ్చు. అందుకే పస్తు మొదలైనప్పటి నుంచే గ్లూకోజు ఎక్కించాలి.

రెండోది నైట్రస్‌ ఆక్సైడ్‌. హోమోసిస్టినూరియా పిల్లల్లో కంటి కటకం పక్కకు జారవచ్చు, ఆపరేషన్‌ అవసరం కావచ్చు. ఈ వాయువు బి12 విటమిన్‌ను పనిచేయనివ్వదు. దాంతో అసలే ఎక్కువగా ఉన్న హోమోసిస్టీన్‌ మరింత పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే ముప్పూ పెరుగుతుంది. ఇదే కోవకు చెందిన ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్‌ లోపం ఉన్న ఓ పసివాడికి రెండుసార్లు ఈ వాయువుతో మత్తిచ్చారు. తర్వాత ఆ బిడ్డ దక్కలేదు. 2003లో ఓ అమెరికా వైద్య పత్రిక ఈ ఉదంతాన్ని ప్రచురించింది.

తిరుపతి స్విమ్స్‌, రుయాలకు వెళ్లినా, వేలూరు సీఎంసీకి వెళ్లినా జబ్బు కాగితాలు వెంట ఉండాలి. జబ్బేమిటో ఇంకా తేలకపోతే కనీసం రెండు మాటలు చెప్పాలి. మాది మేనరికమని, అంతకుముందో బిడ్డ కారణం తెలియకుండా పోయి ఉంటే ఆ సంగతీ. సంబంధాలు చెడతాయనో, నలుగురూ ఏమనుకుంటారోననో చాలామంది దాచేది సరిగ్గా ఆ రెండో మాటనే. మత్తు డాక్టరుకు అన్నిటికన్నా ముందు తెలియాల్సిందీ అదే!