సంస్కరణమా? విప్లవమా? : తెలంగాణమున సామ్యవాదుల వివాదము

జర్మనీలో 1899 నాటికి బెర్న్‌స్టైన్, రోజా లక్సెంబర్గుల నడుమ సిద్ధాంతరూపమున సాగిన సంస్కరణ విప్లవ వివాదము తెలంగాణమున భూమి ప్రశ్నగా పరిణమించినది. 1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతరించెను. ప్రజల విశాలమైన అండ ఇక నిలువదనియు, సాయుధ పోరాటమును విరమింపవలెననియు రావి నారాయణరెడ్డి గారు వాదించిరి. ఆయుధములు విడిచినచో రైతులకు పంచిన భూములు మరల దొరల పాలగునని పుచ్చలపల్లి సుందరయ్య గారు మొదలగువారు ప్రతివాదము చేసిరి. ఈ రెండు భయములును నిరాధారములు కావు.

1950లో హైదరాబాదు కౌలుదారీ శాసనము వెలువడెను. 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడెను. 1952 ఎన్నికలలో నారాయణరెడ్డి గారు నల్లగొండ నుండి లోకసభకు ఎన్నికైరి. ఐనను, శాసనరక్షణ కలిగిన కౌలుదారులలో పెక్కురు భూములు కోల్పోయిరి. తిరుగుబాటు లేనిదే శాసనమునకు త్వర కలుగదు. గ్రామమున సంఘటితశక్తి లేనిదే శాసనము అమలు కాదు. కావున ఈ వివాదము మనకు మిగిల్చిన అసలు ప్రశ్న మార్గమును గూర్చినది కాదు; లభించిన దానిని నిలుపుకొను నిర్మాణమును గూర్చినది.