35 ఇంచుల టైర్‌కి ఎంత వెడల్పు రిమ్? స్టైల్ కోసం 12 వేస్తే ఏమవుతుంది?

ఫోన్ కొనే ముందు చిప్‌సెట్ నుంచి ఛార్జింగ్ వాట్స్ దాకా అన్నీ చెక్ చేస్తాం. అదే ట్రక్‌కి పెద్ద టైర్లు వేసేటప్పుడు మాత్రం ఫొటోలో ఎలా కనిపిస్తుందో చూసి రిమ్ కొనేస్తాం. డల్లాస్‌లో ఉండే మా బావ చేసింది ఇదే. సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాడు. అప్పటికే దానికి 6 ఇంచుల లిఫ్ట్ ఉంది. 35×12.50 ఆర్20 టైర్లు కొత్తవి తీసుకుని, ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతున్న 20×12 రిమ్‌లకి ఎక్కించాడు. పార్కింగ్‌లో నిలబెడితే లుక్ అదిరిపోయింది, అందులో డౌట్ లేదు.

తర్వాత పాడ్రే ఐలాండ్ బీచ్‌కి వెళ్లారు. ఇసుకలో దిగబడకుండా గాలి 15 పీఎస్ఐకి తగ్గించాడు. ఎడమకి తిప్పగానే ముందు కుడి టైర్ రిమ్ మీద నుంచి జారిపోయింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. స్పీడ్ తక్కువ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. "టైర్ డిఫెక్టివ్ అనుకుంటా రా" అని ఫోన్ చేశాడు. టైర్‌లో తప్పేమీ లేదు. దాని స్పెక్ షీట్ ఎవరూ చదవలేదు, అంతే.

టైర్ సైజ్‌లో 35 అంటే ఎత్తు, 12.50 అంటే వెడల్పు, 20 అంటే రిమ్ వ్యాసం. అన్నీ ఇంచుల్లోనే. టైర్ మీద కనిపించని ఇంకో నంబర్ ఉంది. అదే అప్రూవ్డ్ రిమ్ విడ్త్. కంపెనీ డేటా షీట్‌లో ఉంటుంది. 35×12.50 సైజ్‌కి సాధారణంగా 8.5 నుంచి 11 ఇంచుల దాకా ఇస్తారు. 285/70 ఆర్17 లాంటి సైజ్‌కైతే 7.5 నుంచి 9. అంటే బావ వేసిన 12 ఇంచుల రిమ్ ఆ లిమిట్ దాటిపోయింది.

ఇంకో తమాషా ఏంటంటే, 12.50 అనే వెడల్పు కూడా అన్ని రిమ్‌ల మీదా ఒకేలా ఉండదు. దాన్ని 10 ఇంచుల రిమ్ మీద కొలుస్తారు. రిమ్ అర ఇంచు మారితే టైర్ వెడల్పు దాదాపు 0.2 ఇంచు మారుతుంది. కాబట్టి అదే టైర్‌ని 8.5 రిమ్‌కి వేస్తే సుమారు 11.9 ఇంచులే వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. టైర్ లోపలి అంచులో ఉక్కు తీగలతో గట్టిగా ఉండే భాగాన్ని బీడ్ అంటారు. ట్యూబ్‌లెస్ టైర్ రిమ్‌ని పట్టుకుని ఉండేది దీనితోనే, దాన్ని అక్కడ నొక్కి ఉంచేది లోపలి గాలి. రిమ్ కాస్త సన్నగా ఉంటే టైర్ పక్క గోడ బయటికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు రిమ్ అంచుకి రాయి తగలకుండా కాపాడుతుంది, బీడ్ కూడా అంచు వైపే ఒత్తుకుని ఉంటుంది. రిమ్ మరీ వెడల్పైతే పక్క గోడ బిగుసుకుపోయి బీడ్‌ని లోపలికి లాగుతుంటుంది. 40 పీఎస్ఐలో నడిపినంత కాలం గాలి దాన్ని మేనేజ్ చేస్తుంది. గాలి తీసేసి ఇసుకలో మలుపు తిప్పారంటే ఆపేది ఏమీ ఉండదు.

మరి సన్నగా ఉంటే అన్నీ లాభాలేనా? కాదు. స్టీరింగ్ తిప్పాక టైర్ ఒక క్షణం ఆలస్యంగా స్పందించినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఉబ్బిన గోడ ముందు వంగి, తర్వాత ట్రక్ తిరుగుతుంది. హైవేలో ప్రెషర్ ఎక్కువ పెడితే ట్రెడ్ మధ్యభాగం ముందు అరిగిపోతుంది. దీనికి చాలా చీప్ టెస్ట్ ఉంది. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, పొడి రోడ్డు మీద తిన్నగా కొంచెం దూరం నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువైంది, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువైంది. యాప్ కూడా అక్కర్లేదు.

ఫ్యాక్టరీ వాళ్లు ఏం వేస్తారో చూస్తే ఇంకా క్లియర్‌గా అర్థమవుతుంది. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో 285/70 ఆర్17 టైర్‌కి 7.5 ఇంచుల రిమ్ ఇచ్చారు, అంటే లిమిట్‌లో అన్నిటికన్నా కింది నంబర్. ఫోర్డ్ రాప్టర్‌లో 37×12.50 ఆర్17 టైర్ వేసినా రిమ్ 8.5 మాత్రమే. ఎడారిలో దూకించడానికే తయారుచేసిన ట్రక్‌కి అది చాలినప్పుడు మనకి 12 ఎందుకు?

వెడల్పుతో పాటు ఆఫ్‌సెట్ కూడా చూడాలి, చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. రిమ్ మధ్య గీత నుంచి హబ్‌కి తగిలే భాగం ఎంత దూరంలో ఉందో మిల్లీమీటర్లలో చెప్పేదే ఆఫ్‌సెట్. ప్లస్ అయితే చక్రం లోపలికి, మైనస్ అయితే బయటికి. ఎఫ్-150కి కంపెనీ ఇచ్చే 20×8.5, ప్లస్ 44 రిమ్‌తో పోలిస్తే 20×9, జీరో ఆఫ్‌సెట్ రిమ్ అంచు దాదాపు 2 ఇంచులు బయటికి వస్తుంది. బావ కొన్న 20×12, మైనస్ 44 అయితే ఏకంగా 5.2 ఇంచులు! అంత బయటికొస్తే వీల్ బేరింగ్ మీద లోడ్ పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది, టైర్ విసిరే రాళ్లన్నీ డోర్లకే తగులుతాయి. చాలా స్టేట్స్‌లో టైర్ ఫెండర్ దాటి ఇంత బయటికి ఉంటే టికెట్ కూడా పడొచ్చు.

నా సజెషన్ సింపుల్. 35×12.50కి ఇసుక, రాళ్లు ఎక్కువైతే 8.5 లేదా 9. హైవేనే ఎక్కువ, గాలి తీసే అవసరం రాదంటే 10 పెట్టుకోండి, టైర్ దాని సహజమైన షేప్‌లో కూర్చుంటుంది. వీలైతే 20కి బదులు 17 ఇంచుల రిమ్ తీసుకోండి. పక్క గోడ 7.5 ఇంచుల నుంచి 9 అవుతుంది, మెత్తగా నడుస్తుంది. పాత రిమ్ కొనేవాళ్లు మాత్రం టేప్‌తో బయటి అంచు నుంచి అంచుకి కొలవొద్దు. అసలు వెడల్పు లోపల బీడ్ కూర్చునే చోట కొలుస్తారు, బయటి కొలత దానికి దాదాపు ఒక ఇంచు ఎక్కువ వస్తుంది. రిమ్ వెనక వైపు సైజ్ ముద్రించి ఉంటుంది, అదే నమ్మండి. స్పీడోమీటర్ కూడా రీసెట్ చేయించాలి. కంపెనీ టైర్ల నుంచి 35కి మారితే మీటర్ 60 చూపిస్తున్నప్పుడు మీరు సుమారు 65లో వెళ్తుంటారు.

ఇక్కడ థార్ ఉన్నవాళ్లు అడిగే ముందే చెప్తున్నా: లెక్క అదే, టైర్ కంపెనీ డేటా షీట్ చూడండి. కానీ మన మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి మార్చడానికి వీల్లేదు. లిఫ్ట్, భారీ టైర్ల ప్లాన్ ఉంటే అది గుర్తుంచుకోండి.

బావ చివరికి 20×9కి మారాడు. పాత రిమ్‌లని అమ్మకానికి పెట్టేటప్పుడు యాడ్‌లో ఒక లైన్ నేనే రాయించాను: 12 ఇంచుల వెడల్పు, 12.50 టైర్లకి పనికిరావు.