రక్షణ ప్రతి ఎందుకు రక్షింపదు?

హైదరాబాదులో జూబిలీ హిల్స్‌ను ఆనుకొనియున్న కృష్ణానగర్‌కు తెల్లవారుజామున పోయినచో, షూటింగులకు తీసికొనిపోవు బండ్లకొరకు వేచియున్న జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ పనివారు గుంపులుగా కనబడుదురు. వీరిలో చాలమందికి కూలి రోజు లెక్కన ముట్టును. ఎవరు ఏనాడు ఏ చిత్రమునకు పనిచేసిరి, ఎవరికి ఎంత బేటా రావలెను అను వివరములను ఒక నిర్మాణ సంస్థ కంప్యూటరులో దాచుచున్నదనుకొందము. ఒక శుక్రవారము రాత్రి ఆ కంప్యూటరు డిస్కు చెడిపోయినది. "భయము లేదు, ప్రతి రాత్రియు నకలు తీయుచునే యున్నాము" అని గుమాస్తా ధైర్యము చెప్పెను. తీరా ఆ నకలును తెరువబోగా అది తెరచుకొనలేదు. శనివారము కూలికై కిటికీ వద్ద నిలిచిన మనిషికి ఏమి చెప్పవలెను?

ఇట్టి పెద్ద లెక్కల నిధిని డేటాబేస్ అందురు. దానికి తీసిన నకలు బ్యాకప్, అనగా రక్షణ ప్రతి. మన పూర్వపు వర్తకులు ప్రతి వ్యవహారమును జరిగిన వరుసలో మొదట చిట్టాలో వ్రాసి, తరువాత పేరుపేరున ఆవర్జాలోనికి ఎక్కించెడివారు. డేటాబేస్ చేయునదియు అదే. ప్రతి మార్పును ముందుగా "లాగ్" అను చిట్టాలో వ్రాసికొని, పిమ్మట అసలు పట్టికలలోనికి ఎక్కించును. ఈ పోలికను మనస్సునందుంచుకొన్నచో, రక్షణ ప్రతి తీయుటలో తరచుగా కలుగు దోషములు సులభముగా బోధపడును.

మొదటి దోషము చోటు చాలకపోవుట. డేటాబేస్ 200 గిగాబైట్లున్నదనుకొనుడు. దినమునకొక పూర్తి ప్రతి చొప్పున 28 దినములు దాచుటకు 5,600 గిగాబైట్ల చోటు కావలెను. అట్లుగాక వారమునకొక పూర్తి ప్రతియు, మిగిలిన ఆరు దినములు ఆనాటి మార్పులు మాత్రమే, దినమునకు 5 గిగాబైట్ల చొప్పున, దాచినచో 800కు 120 కలిపి 920 గిగాబైట్లు సరిపోవును. కాని ఈ పొదుపునకు ఒక మూల్యమున్నది. శుక్రవారము నాటి స్థితిని తిరిగి తెచ్చుటకు ఆదివారపు పూర్తి ప్రతియు, సోమవారము మొదలు శుక్రవారము వరకు గల ఐదు ముక్కలును కావలెను. గొలుసులో నడిమి లంకె తెగినచో తరువాతి లంకెలు నిష్ప్రయోజనములు.

రెండవది అనుమతి లేకపోవుట. రక్షణ ప్రతి తీయు ప్రోగ్రాము మన పేరుతో గాక వేరొక సేవకుని పేరుతో నడుచుచుండును. ప్రతిని ఉంచవలసిన ఫోల్డరులో వ్రాయుటకు ఆ సేవకునికి హక్కు లేనిచో పని ఆగిపోవును. విండోస్ మీద నడుచు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీనికి గుర్తు "ఆపరేటింగ్ సిస్టమ్ దోషము 5". ఫోల్డరు దారి తప్పినచో 3 అనియు, డిస్కులో చోటు చాలనిచో 112 అనియు కనబడును. కనుక దోషము కలిగినపుడు ప్రోగ్రామును ఊరక మరల మరల నడుపుటకన్న, మొదట ఆ సంఖ్యను చదువుట మేలు.

మూడవది చిట్టా పొంగిపోవుట. పై సర్వరులోనే "పూర్తి పునరుద్ధరణ" పద్ధతి నెన్నుకొన్నవారు చిట్టాకు వేరుగా ప్రతి తీయుచుండవలెను. అట్లు తీయనంతవరకు పాత పుటలను మరల వాడుకొనుటకు వీలులేదు. చిట్టా పెరిగి పెరిగి డిస్కును నింపును. అప్పుడు క్రొత్త వ్యవహారమేదియు నమోదు కాదు.

నాల్గవది నడుచుచున్న లెక్కను మామూలు ఫైలువలె నకలు చేయుట. రాముని ఖాతానుండి 500 రూపాయలు సీత ఖాతాకు మార్చుచున్నారు. నకలు తీయువాడు మార్పునకు ముందు రాముని పుటను, మార్పునకు తరువాత సీత పుటను వ్రాసికొనెను. అతని ప్రతిలో లేని 500 రూపాయలు పుట్టుకొని వచ్చినవి! ఇందుచేతనే డేటాబేస్‌తో వచ్చిన సాధనముతోనే ప్రతి తీయవలెను. అది ఒకే క్షణమునకు చెందిన స్థితిని మాత్రమే గ్రహించును.

ఐదవది అన్నిటికన్న అపాయకరము. దోషము కలిగినను ఎవరికిని తెలియకపోవుట. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున రెండవ సర్వరుకు బదులు ప్రధాన సర్వరులోని సమాచారమును చెరిపివేసెను. సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలెను. ప్రతులకొరకు వెదుకగా అవి లేవు. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, ప్రతి తీయు సాధనము 9.2 వెర్షన్‌ది. అందుచేత పని విఫలమగుచు వచ్చినది. ఆ సంగతి తెలుపు ఈమెయిళ్లును తిరస్కరింపబడుచుండెను. ప్రయోగములకై దాదాపు ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతి వారిని ఆదుకొన్నది. ఆ ఆరు గంటల సమాచారము మాత్రము పోయినది.

చిత్రరంగమునకే చెందిన ఉదాహరణము మరియొకటి. 1998లో పిక్సార్ సంస్థలో "టాయ్ స్టోరీ 2" చిత్రపు ఫైళ్లు చాలభాగము ఒక తప్పు ఆజ్ఞవలన చెరిగిపోయినవి. రక్షణ ప్రతులు పనికిరాలేదు. పసిబిడ్డతో ఇంటినుండి పనిచేయుచున్న గేలిన్ సుస్మన్ అను సాంకేతిక నిపుణురాలి ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి యుండుటచేత చిత్రము దక్కినది.

ఈ దక్కుటలో ఒక సూత్రమిమిడియున్నది. ప్రతి వేరొక చోట నుండవలెను. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ సంస్థవారి డేటా కేంద్రము కాలిపోయినపుడు, అసలును నకలును అదే ఆవరణలో ఉంచినవారు రెంటిని పోగొట్టుకొనిరి. అందుకే మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, అందొకటి దూరస్థలమున అను 3-2-1 నియమము వ్యాప్తిలోనికి వచ్చినది. అసలుతోపాటు క్షణక్షణము మారు అద్దపు ప్రతిని ఇందులో లెక్కింపరాదు. అసలులో చెరిపిన పుట అద్దములోను చెరిగిపోవును.

వీటన్నిటికి పరీక్ష ఒక్కటే: తిరిగి తెరచి చూచుట. విద్యార్థులు దీనిని పాఠశాలలోనే చేయవచ్చును. తరగతి మార్కుల పట్టికకు ప్రతి తీసి, వేరొక కంప్యూటరులో తెరువుడు. పేర్ల సంఖ్య, మార్కుల మొత్తము రెండింటను సరిపోయినవా? సరిపోయినచో ప్రతి చాలవరకు నమ్మదగినది. ఒకరికి ఐదు తగ్గి మరొకరికి ఐదు పెరిగినచో మొత్తము మారదు గదా! దానిని పట్టుటకు ఏమి చేయవలెనో ఆలోచింపుడు.

1932లో వెలువడిన మన తొలి పూర్తి నిడివి టాకీ "భక్త ప్రహ్లాద" ప్రతి నేడు లభ్యమగుట లేదు. ఆనాటివారికి నకలు తీయుట వ్యయప్రయాసలతో కూడిన పని. నేడది చౌక. అయినను తెరచి చూడని ప్రతి ఆశ మాత్రమే. కిటికీ వద్ద నిలిచిన మనిషికి కావలసినది ఆశ కాదు, తన పేరు, తన రోజులు, తన బేటా.