చీకటి పడితే గూడే దిక్కు!

పెరట్లో కోళ్లు పెంచిన ఇళ్లకు తెలిసిన ఉదయం ఒకటుంది. గిన్నెలో నూకలు వేసుకుని వెళ్లేసరికి గూటి ముందు చెల్లాచెదురుగా ఈకలు. తలుపు ఓరగా తెరిచి ఉంటుంది. మిగిలిన ఒకటి రెండు పెట్టలు మూలకు ఒదిగిపోయి ఎంత పిలిచినా బయటికి రావు. ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టుకుని, తొలి గుడ్డును రెండు చేతుల్లో పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించిన పిల్లలకు ఏం చెప్పాలో పెద్దవాళ్లకు తోచదు.

వడ్రంగిని పిలిచి ముచ్చటగా గూడు కట్టించారు. రేకు వేశారు, రంగులూ పూశారు. మరి పొరపాటు ఎక్కడ జరిగింది? చాలాసార్లు జవాబు అరచేయంత కూడా ఉండదు. సరిగా పడని గడియ... లేదా జాలీకీ కర్రకూ మధ్య వదిలేసిన నాలుగు వేళ్ల సందు!

పగలు కోడి తన బతుకు తాను చూసుకుంటుంది. గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కిందకు లాక్కుంటుంది. ముంగిస కనిపిస్తే అరిచి గోల చేస్తుంది. కానీ పొద్దుగూకితే దానికి చూపు ఆనదు. కూర్చున్న చోటే కూర్చుంటుంది. చేత్తో పట్టుకున్నా పారిపోదు. అందుకే గూడు కట్టేది పగటి కోసం కాదు, ఆ పన్నెండు గంటల చీకటి కోసం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే గూటి కొలతల దగ్గర్నుంచి గడియ దాకా అన్నీ వాటంతటవే తేలిపోతాయి.

గంప పోయి... గూడొచ్చె

మన పల్లెల్లో కోళ్లకు ప్రత్యేకంగా ఇల్లు కట్టిందెప్పుడు? సాయంత్రమైతే వెదురు గంప కింద కమ్మేసి, పైన ఓ రాయి పెట్టేవారు. కొన్ని ఇళ్లల్లో అరుగు కిందే గూడు ఉండేది, దానికి ఓ బండ అడ్డం పెట్టేవారు. చూడ్డానికి మోటుగా ఉన్నా అందులో తెలివి ఉంది. గంపకు గాలి ఆడుతుంది, రాయిని పిల్లి దొర్లించలేదు. అన్నిటికంటే ముఖ్యం... గంప ఉండేది వసారాలో, మనుషులు పడుకునే మంచం పక్కన. రాత్రి చిన్న అలికిడి అయినా ఇంట్లో ఎవరో ఒకరు లేచేవారు.

ఇప్పుడు వాసన వస్తుందనీ, అతిథులు చూస్తారనీ గూటిని పెరటి చివరకు తోసేశాం. తలుపులు బిగించుకుని, ఫ్యాను కిందో ఏసీలోనో నిద్రపోతున్నాం. అక్కడ ఏం జరిగినా వినపడదు. అంటే ఒకప్పుడు మనిషి చేసిన కాపలా పనంతా ఇప్పుడు గూడే చెయ్యాలి.

పగలంతా బయట తిరిగే కోళ్లయితే రాత్రి పడకకు ఒక్కోదానికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగుల చోటు చాలు. ఆరు పెట్టలకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. పెరడు చిన్నదై, పగలు కూడా వదలడానికి వీల్లేకపోతే మాత్రం గూటికి ఆనుకుని వల కట్టిన ఆవరణ ఉండాలి. ఒక్కో కోడికి ఎనిమిది, పది చదరపు అడుగులైనా లేకపోతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఈకలు పీక్కుంటాయి. దాన్ని రోగమనుకుని మందుల కోసం తిరుగుతారు చాలామంది. ఇరుకే అసలు రోగం.

గూడు నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తున నిలబడితే మంచిది. వాన నీళ్లు రావు, కింద శుభ్రం చేసుకోవడం తేలిక, ఎలుకలు కాపురం పెట్టే వీలుండదు. కాళ్లకు సరుగుడు గుంజలు వాడొచ్చు కానీ నేలలో పాతిన చోట చెద పట్టకుండా చూసుకోవాలి. ఇటుకల మీదో సిమెంటు దిమ్మల మీదో నిలబెడితే ఆ బెంగ తక్కువ. పొడవు వైపు తూర్పు పడమరలకు ఉంటే ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ నేరుగా లోపలికి కొట్టదు. పాత తలుపు, విరిగిన మంచం పట్టెలు, మిగిలిపోయిన రేకులు... ఇంట్లో అటకెక్కినవన్నీ దీనికి పనికొస్తాయి. డబ్బు ఖర్చు పెట్టాల్సింది మరోచోట ఉంది.

జాలీ దగ్గర పిసినారితనం వద్దు

దుకాణంలో ‘చికెన్‌ మెష్‌’ అని అడిగితే ఆరు మూలల గళ్లున్న సన్న తీగ వల ఇస్తారు. పేరు చూసి కోళ్లకు ఇదే సరైనదని కొనేస్తారు. అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది. బయటివి లోపలికి రాకుండా ఆపదు! వీధికుక్క రెండుసార్లు పళ్లతో గుంజితే చిరిగిపోతుంది. బావురు పిల్లి, పునుగు పిల్లి గళ్లలోంచి పంజా చాచి లోపలున్నదాన్ని అందుకుంటాయి. పాముకైతే ఆ గళ్లు తలుపుల్లాంటివే.

గూటికి అరంగుళం గళ్ల వెల్డ్‌మెష్‌ వెయ్యాలి. ధర ఎక్కువే. మిగతావన్నీ పాతవి వాడినా ఇది మాత్రం కొత్తది కొనాల్సిందే. దాన్ని బిగించడంలోనూ కిటుకుంది. జాలీని చట్రానికి బయటి వైపు కొట్టాలి. అప్పుడు కుక్క ఎంత నెట్టినా అది కర్రకే ఒత్తుకుంటుంది. లోపలి వైపు కొడితే నాలుగు తోపులకు మేకులు ఊడి లోపలికి వంగిపోతుంది. మేకు కొట్టి వంచేసే పద్ధతి కంటే, జాలీ అంచు మీద చెక్క బద్ద పెట్టి స్క్రూలు బిగించడం గట్టి పని. ఆవరణ నేల మీదే ఉంటే చుట్టూ అడుగు లోతున జాలీని పాతిపెట్టాలి, లేదా అంచు పొడవునా నాపరాళ్లు పరచాలి. కుక్కలూ పందికొక్కులూ గోడ పక్కనే తవ్వడం మొదలెడతాయి. రాయి తగిలితే వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన వాటికి అంత తొందరగా రాదు.

ఇక గడియ. తోస్తే జరిగిపోయేది, లాగితే వచ్చేసేది పనికిరాదు. ఎత్తి, పక్కకు తిప్పి, అప్పుడు లాగాల్సినదైతే నయం. అదీ లేకపోతే గొళ్లెంలో చిన్న తాళం వేసెయ్యొచ్చు. తలుపు పైనా కిందా రెండు చోట్ల గడియలుంటే కుక్క మూలను వంచి దూరే అవకాశం ఉండదు.

గాలిని ఆపితే గుడ్లు ఆగుతాయి

ఇంత భయపెట్టాక చాలామంది చేసే పని, గూటిని పెట్టెలా మూసెయ్యడం. అది రెండో తప్పు. కోడి మూత్రం విడిగా పొయ్యదు, అంతా రెట్టలోనే పోతుంది. ఆ తడి మురిగితే అమ్మోనియా ఘాటు లేస్తుంది. కళ్లు మండుతాయి, ఊపిరితిత్తులు పాడవుతాయి. గుడ్లు తగ్గిపోతాయి. దీన్ని కనుక్కోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. తెల్లవారుజామున తలుపు తియ్యగానే వంగి, కోడి కూర్చునే ఎత్తులో ముక్కు పెట్టి చూడాలి. ఘాటు తగిలితే గాలి చాలట్లేదన్నమాట. చూరు కింద నాలుగు వైపులా జానెడు మేర జాలీ వదిలేస్తే వేడిగాలి పైనుంచి పోతుంది. వాన జల్లు కొట్టే వైపు గోనెపట్టా వేలాడదీస్తే చాలు.

మన దగ్గర చలి కంటే ఎండదే పెత్తనం. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి ఒగర్చడమే దానికి తెలిసిన ఉపాయం. మే నెలలో ఒట్టి రేకు కింద గూడు పెనమే. రేకు మీద తాటాకులో గడ్డో కప్పి, కుదిరితే చెట్టు నీడన పెట్టాలి. సున్నం పూసినా కొంత వేడి తగ్గుతుంది. వేసవిలో నీళ్ల గిన్నె రెండు మూడు సార్లు మార్చాలి. వేడెక్కిన నీళ్లను కోళ్లు సరిగా ముట్టవు.

లోపల ఏముండాలి?

కోడి నేల మీద నిద్రపోవడానికి ఇష్టపడదు. కొమ్మ కావాలి. అందుకే లోపల అడ్డంగా ఓ కర్ర బిగించాలి. ఒక్కో కోడికి ఎనిమిదంగుళాల చోటు ఉండేలా చూసుకోవాలి. రెండంగుళాల మందంతో, అంచులు గుండ్రంగా చెక్కిన కర్రయితే కాళ్లు హాయిగా ఆనుతాయి. ప్లాస్టిక్‌ గొట్టాలు జారిపోతాయి, వాటిని పెట్టకపోవడమే మంచిది. ఆ కర్ర గుడ్లు పెట్టే గూళ్ల కంటే ఎత్తులో ఉండాలి. ఎందుకంటే కోళ్లు అన్నిటికంటే పైనున్న చోటే ఎక్కుతాయి. గుడ్ల పెట్టె ఎత్తులో ఉంటే అందులోనే పడుకుని రెట్టలు వేస్తాయి. పొద్దున గుడ్డు తీస్తే దాన్ని కడగడమే పెద్ద పని.

నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల గూడు చాలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. కొంచెం చీకటిగా ఉండాలి, అడుగున ఊకో ఎండుగడ్డో వెయ్యాలి. పది గూళ్లు పెట్టినా అన్నీ ఒకదాని ముందే వరుస కడతాయి, అది వేరే సంగతి! కొత్త పెట్టలు పొదల్లో పెట్టేస్తుంటే గుడ్డు ఆకారంలో ఉన్న తెల్లరాయి ఒకటి గూట్లో పెడితే దారి తెలుసుకుంటాయి.

గూటి అడుగున మూడంగుళాల మందాన ఊక పరిచి, వారానికోసారి కలియబెట్టి, తడిసినంత మేర తీసేస్తే సరిపోతుంది. తీసిన రెట్టను పచ్చిగా మొక్కలకు వేస్తే వేళ్లు మాడిపోతాయి. కుప్పగా వేసి, బాగా మాగనిచ్చి వెయ్యాలి. ఓ పాత బేసినులో బూడిద, పొడి మట్టి కలిపి పెడితే కోళ్లు అందులో దొర్లి కోడిపేలను వదిలించుకుంటాయి. రాత్రిళ్లు మేత గూట్లో వదలకూడదు. మేతకు ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పాములొస్తాయి.

ఏ కోళ్లు తెచ్చుకోవాలన్నది ఇంటి అవసరాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తీసుకొచ్చింది. గుడ్లే ముఖ్యమనుకునేవారికి గ్రామప్రియ, మాంసమూ కావాలంటే వనరాజా. పిల్లల్ని పొదిగి పెంచే ఓపిక మాత్రం మన నాటు పెట్టదే. అన్నట్టు, గుడ్ల కోసమైతే పుంజు అక్కర్లేదు. పుంజు లేకున్నా పెట్ట గుడ్డు పెడుతుంది, అది పొదగడానికి పనికిరాదంతే. పట్నంలో పక్కింటివాళ్ల నిద్ర దృష్ట్యా ఇది పనికొచ్చే విషయం.

గూడు ఆపలేనిది ఒకటుంది, రోగం. పిల్లలకు 5-7 రోజుల వయసులోనే కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు వేయించాలి. ఆపైన వెయ్యాల్సిన టీకాల సంగతి పశువుల ఆసుపత్రిలో చెబుతారు. బర్డ్‌ఫ్లూ మన దేశంలో మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ కనిపించింది. అడవి పక్షులు వాలి రెట్టలు వేసే చోట మేత, నీళ్లు పెట్టకుండా ఆవరణకు పైకప్పు వేసుకోవడం ఇందుకే. ఒక్కసారిగా నాలుగైదు కోళ్లు చచ్చిపోతే కాలవలో పడెయ్యకుండా, కోసుకోకుండా వెంటనే పశువైద్యులకు చెప్పాలి.

గూడు సిద్ధమై, కోళ్లు వచ్చాక మొదటి నాలుగైదు రోజులు వాటిని బయటికి వదలకూడదు. మేతా నీళ్లూ పగటిపూట అందులోనే పెట్టాలి. ఇల్లు ఏదో వాటికి తెలియాలి కదా! అయిదో రోజు, పొద్దుగూకడానికి గంట ముందు తలుపు తియ్యాలి. పెరడంతా కెలికి, బూడిదలో దొర్లి, చీకటి ముసురుతుంటే ఒకదాని వెనక ఒకటి గూటి మెట్లెక్కుతాయి. వెంటనే గడియ పెట్టెయ్యకుండా టార్చి వేసి లెక్కపెట్టాలి. ఆరుండాల్సిన చోట అయిదే ఉంటే జామచెట్టు కొమ్మ మీద వెతకాలి. ఆరోది దొరికాకే గడియ.