జొన్న, నియాసిన్, మనఃస్థితి: దక్కన్ పెల్లాగ్రా చెప్పే ఆహార–మెదడు సంబంధం

జొన్నే ప్రధానాహారంగా జీవించిన దక్కన్ పీఠభూమి నిరుపేదలలో ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగంలో పెల్లాగ్రా వ్యాధి తరచుగా కనిపించేది. ఎండ తగిలే మెడ, చేతులు, పాదాలపై చర్మం నల్లబడి పొలుసులు రాలడం, విరేచనాలు, మతిభ్రంశం దీని ప్రధాన లక్షణాలు. చర్మంపై మచ్చలు వైద్యుని దృష్టిలో వెంటనే పడతాయి. నిద్రలేమి, చిరాకు, ఆందోళన, దిగులు మాత్రం రోగి స్వభావంగానో, పేదరికపు ఫలితంగానో లెక్కకు రాకుండా పోయే ప్రమాదం ఉంది. ఆహారానికి, ప్రవర్తనకు గల సంబంధాన్ని అధ్యయనం చేసేవారికి ఈ వ్యాధి ముఖ్యం కావడానికి కారణం ఇదే.

మెదడు బరువు శరీర బరువులో సుమారు 2 శాతమే. విశ్రాంతి స్థితిలో శరీరం వినియోగించే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం దానికే ఖర్చవుతుంది. గ్లూకోజు నుంచి ఆ శక్తిని రాబట్టే చర్యలకు నియాసిన్ నుంచి ఏర్పడే సహ ఎంజైములు అత్యవసరం. నియాసిన్ ఆహారంలో నేరుగా లభిస్తుంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరంలోనూ తయారవుతుంది. ఈ రెండవ మార్గంలో వ్యయం ఎక్కువ. 1 మిల్లీగ్రాము నియాసిన్‌కు సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ కావాలి. నిద్రను, మనోభావాలను ప్రభావితం చేసే సెరటోనిన్‌కు కూడా ట్రిప్టోఫానే మూలపదార్థం.

1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ నికోటినిక్ ఆమ్లంతో కుక్కలలోని నల్లనాలుక వ్యాధిని నయం చేసిన తరువాత, పెల్లాగ్రా నియాసిన్ లోపమని స్థిరపడింది. మొక్కజొన్న తినేవారి విషయంలో వివరణ సులభం. ఆ గింజలో ట్రిప్టోఫాన్ తక్కువ. ఉన్న నియాసిన్‌లో అధికభాగం శరీరానికి అందని బద్ధరూపంలో ఉంటుంది. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు. మరి జొన్న తినేవారికి ఈ వ్యాధి ఎందుకు వచ్చినట్లు?

హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలకు (నేటి జాతీయ పోషకాహార సంస్థ) చెందిన సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో దీనికి ఒక సమాధానం ప్రతిపాదించారు. రెండు ధాన్యాలలోనూ లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉంది. అది ట్రిప్టోఫాన్–నియాసిన్ జీవక్రియకు అడ్డుపడుతుందన్నది వారి వాదం. కొరతకు మాత్రమే అలవాటుపడిన పోషకాహార చింతనలో ఇది కొత్త మలుపు: ఒక పోషకం ఎక్కువైనా మరొకటి లోపించవచ్చు. తరువాతి కాలంలో ఈ సంస్థలోనే పెల్లాగ్రా రోగుల మానసిక మార్పులకు, రక్త ఫలకికలలోని సెరటోనిన్‌కు గల సంబంధాన్ని కూడా పరిశీలించారు. లూసిన్ సిద్ధాంతం నిర్వివాదం కాదు. ఇతర ప్రయోగశాలల్లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు ఒకే ఫలితాన్ని ఇవ్వలేదు. బి6 విటమిన్ స్థాయి వంటి అంశాలనూ లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది.

చిరుధాన్యాల పేరిట జొన్న నేడు పట్టణాల భోజనంలోకి మళ్లీ వస్తున్నది. పప్పు, పాలు, గుడ్లతో కలిపి తినేవారికి ఈ చర్చ వల్ల భయపడవలసిన పని లేదు. దోషం గింజది కాదు, పళ్లెంలో మరేమీ లేకపోవడానిది.

ప్రస్తుతం ఈ వ్యాధిని ఎక్కువగా అనుమానించవలసింది దీర్ఘకాలిక మద్యపాన వ్యసనపరులలో. వారిలో కొందరికి చర్మలక్షణాలు కనిపించవు. అయోమయం, భ్రాంతులు, కండరాల బిగువు మద్యం మానినందువల్ల వచ్చిన లక్షణాలుగా పొరబడే వీలుంది. అటువంటి రోగికి థయమిన్ మాత్రమే ఇచ్చి నియాసిన్‌ను మరచిపోతే, చికిత్సకు లొంగే మతిభ్రంశం ప్రాణాంతకం కావచ్చు.